గిజిగాడి గూళ్లూ, డిగ్రీ విద్యార్థులూ: ఒక అధ్యాపకురాలికి సమాధానం

ప్రశ్న: నేను నల్గొండ జిల్లాలోని ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం బోధిస్తున్నాను. నా పరిశోధన చేపల హార్మోన్ల మీద, అంతా ప్రయోగశాలలోనే జరిగింది. క్షేత్రంలో పనిచేసిన అనుభవం లేదు. ఈ ఏడాది ‘జిజ్ఞాస’ అధ్యయన ప్రాజెక్టు కోసం ఆరుగురు విద్యార్థులను నాకు అప్పగించారు. నిరుడు ‘జిల్లాలోని పక్షుల వైవిధ్యం’ అనే అంశం ఇస్తే, ఒక విద్యార్థి ఇంట్లో కూర్చుని అంకెలు వేశాడని ఆలస్యంగా తెలిసింది. ఆ అబ్బాయి ఈసారీ బృందంలో ఉన్నాడు. గీత కార్మికుల కుటుంబం నుంచి వచ్చిన మరో విద్యార్థికి పిట్టల సంగతి నాకంటే బాగా తెలుసు, కానీ ఇంగ్లిష్‌లో రాయమంటే కలం కదలదు. ఇద్దరు అమ్మాయిల తల్లిదండ్రులు పొలాల వెంట తిరగడానికి ఒప్పుకోవడం లేదు. వారికి పట్టికలు టైపు చేసే పని ఇస్తే సరిపోతుందని తోటివారు అంటున్నారు. నాకే తెలియని పనిలో వీరిని ఎలా నడిపించాలి? మళ్లీ దొంగ అంకెలు రాకుండా ఏం చేయాలి?

సమాధానం:

అధ్యాపకురాలు గారికి నమస్కారం.

మీకు పక్షులు తెలియకపోవడం మీరు అనుకుంటున్నంత పెద్ద లోపం కాదు. దొంగ అంకెలు మాత్రం నిజంగా పెద్ద సమస్యే. అయితే దాని మూలం ఆ అబ్బాయి స్వభావంలో కంటే నిరుడు మీరిచ్చిన అంశంలోనే ఎక్కువగా ఉందని నా అభిప్రాయం. ‘జిల్లాలోని పక్షుల వైవిధ్యం’ అన్నప్పుడు చెరువులు, వరి మళ్లు, గుట్టలు, కృష్ణ ఒడ్డు, ఊరి చింతచెట్లు అన్నీ అందులోకి వచ్చేస్తాయి. వాటన్నిటినీ చూడాల్సింది బైనాక్యులర్ పట్టుకోవడం ఇంకా అలవాటు కాని పిల్లలు, అదీ సెలవు రోజుల్లో. వారి చేతికి ఇచ్చిన పట్టికలో జాతి పేరుకు ఒక గడి, సంఖ్యకు ఒక గడి ఉంటాయి. ‘వెళ్లాను, ఏమీ కనబడలేదు’ అని రాయడానికి గడి ఉండదు, ‘చూశాను కానీ ఏ పిట్టో పోల్చుకోలేకపోయాను’ అని రాయడానికి అసలే ఉండదు. పైగా మూల్యాంకనం చేసేవారు జాబితా పొడవు చూసి మార్కులు వేస్తారని పిల్లలందరికీ తెలుసు. ఖాళీ గడి తప్పుగా కనిపించే చోట పిల్లవాడు దాన్ని ఏదో ఒకదానితో నింపుతాడు. నేను ఆ అబ్బాయిని వెనకేసుకు రావడం లేదు. అతడి విషయానికి తర్వాత వస్తాను. ముందుగా మార్చవలసింది అంశాన్ని.

ఈసారి అంశం నిర్ణయించకుండానే వారిని బయటికి తీసుకువెళ్లండి. కళాశాలకు నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక చెరువు కట్టనో, తాటిచెట్లున్న పొలం గట్టునో ఎంచుకోండి. ఆరుగురికీ నోటు పుస్తకాలిచ్చి, రెండు గంటల పాటు కేవలం ప్రశ్నలు మాత్రమే రాయమనండి. సమాధానాలు, పేర్లు అక్కరలేదు. మొదటి అరగంటలో ‘ఇది ఏ పిట్ట?’ అనే ప్రశ్నలే వస్తాయి. అవి అయిపోయాక అసలు ప్రశ్నలు మొదలవుతాయి: ఈ చెట్టు మీదే ఎందుకు, పక్క చెట్టు మీద ఎందుకు లేదు, పొద్దున ఎక్కువా సాయంత్రం ఎక్కువా, నీళ్లు తగ్గితే ఎటు పోతాయి. ఇలా వచ్చిన ప్రశ్నల్లోంచి నాలుగు నెలల్లో నడిచి, లెక్కపెట్టి, జవాబు చెప్పగలిగినది ఒక్కటి ఏరుకోవాలి. ఏరుకునే పని విద్యార్థులే చేయాలి. మీ పని ప్రతి ప్రశ్న దగ్గరా ‘దీనికి జవాబు తెలియాలంటే మనం ఏం లెక్కపెట్టాలి?’ అని అడగడం. లెక్కపెట్టడానికి ఏమీ దొరకని ప్రశ్న ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయాలి.

మీ ప్రాంతానికి, మీ విద్యార్థులకు, ఈ రుతువుకు సరిపోయే ఉదాహరణగా గిజిగాడిని తీసుకుంటాను, ఎందుకంటే మొదటిసారి క్షేత్రానికి వెళ్లే బృందానికి దీనికి మించిన పిట్ట మన దగ్గర దొరకడం కష్టం. వానలు మొదలవగానే గూళ్లు కడుతుంది, గుంపుగా కడుతుంది, గూడు దూరం నుంచే కనిపిస్తుంది, అభయారణ్యంలోకి వెళ్లనక్కరలేదు. సంతానోత్పత్తి కాలంలో మగపక్షి తల పసుపు పచ్చగా ఉంటుంది కనుక కొత్తవారికీ గుర్తుపట్టడం తేలిక. మిగతా నెలల్లో ఆడా మగా రెండూ ఊరపిచ్చుకలా కనిపించి కంగారు పెడతాయి. చెరువుల్లోని జమ్ములో గూడు కట్టే దగ్గరి జాతులు వేరే ఉన్నాయి కాబట్టి మీరు తాటి, ఈత, తుమ్మ చెట్లకే పరిమితం కావడం మంచిది. గూడు అల్లేది మగపక్షి. గడ్డి, వరి ఆకు, తాటాకు చీలికలతో సగం వరకు అల్లి ఆగుతుంది. దీన్ని హెల్మెట్ దశ అంటారు. ఆడపక్షి వచ్చి ఆ సగం గూడును పరీక్షిస్తుంది. నచ్చితే మగపక్షి కింది గొట్టం కూడా అల్లి పూర్తి చేసి, మరో గూడు మొదలుపెడుతుంది. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే వేలాడుతూ ఉండిపోతుంది. దీని సంసారం గురించి 1930ల తొలినాళ్లలో శాస్త్రీయంగా రాసినవారు పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ. ఆయన చేసిన పని ప్రధానంగా ఒకే చోటికి పదే పదే వెళ్లి ఓపికగా చూడడమే, మీ విద్యార్థులకు కావలసింది కూడా అదే.

ఇక్కడి నుంచి ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. సగంలో ఆగిపోయిన గూళ్లు ఎన్ని, పూర్తయినవి ఎన్ని? బావి మీదికి వంగిన మట్టలకు ఎక్కువ గూళ్లు ఉంటాయా? చెట్టుకు ఏ దిక్కున ఎక్కువ ఉంటాయి? నైరుతి గాలి పడమటి వైపు నుంచి కొడుతుంది కాబట్టి తూర్పు పక్కన ఎక్కువ ఉండవచ్చునని ఊహించవచ్చు, గతంలో కొన్ని పరిశీలనల్లో అలాగే తేలింది కూడా. మీ మండలంలోని తాటిచెట్ల మీద అది నిజమా కాదా అనేది ఆరుగురు విద్యార్థులు ఒక కాలంలో చెప్పగలిగే విషయం.

పద్ధతి గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే ప్రయోగశాల నుంచి వచ్చినవారు సాధారణంగా తడబడేది ఇక్కడే. ఒక తాటిచెట్టుకు 60 గూళ్లున్నాయనుకుందాం, అందులో 45 తూర్పు వైపు ఉన్నాయనుకుందాం. విద్యార్థి దాన్ని 60 పరిశీలనలుగా లెక్కించి గణాంక పరీక్ష చేసేస్తాడు, ఫలితం అద్భుతంగా వస్తుంది. కానీ ఆ 60 గూళ్లూ ఒకే చెట్టువి, ఒకే బావి పక్కవి, ఒకదాన్ని చూసి మరొకటి కట్టినవి. ఒకే ఇంట్లోని 60 మంది చెప్పిన సాక్ష్యాన్ని 60 వేర్వేరు సాక్ష్యాలుగా న్యాయస్థానం తీసుకోదు కదా, ఇదీ అంతే. మీకు కావలసిన లెక్క గూళ్లది కాదు, చెట్లది. ఒకదానికొకటి దూరంగా ఉన్న 20 చెట్లను ఎంచుకుని, వాటిలో ఎన్ని చెట్లకు తూర్పు సగంలో గూళ్లు ఎక్కువగా ఉన్నాయో చూడండి. గాలి ప్రభావమేమీ లేకపోతే సుమారు సగం చెట్లలోనే అలా ఉండాలి. దీనికి క్లిష్టమైన గణితం అక్కరలేదు, పిల్లలకు తర్కం కూడా స్పష్టంగా అర్థమవుతుంది. అయితే ప్రతి చెట్టు దగ్గరా బావి ఏ దిక్కున ఉందో, ఇల్లు, కరెంటు తీగ, మరో చెట్టు ఏ వైపు అడ్డుగా ఉన్నాయో తప్పకుండా రాయించండి. తూర్పున గూళ్లు ఎక్కువగా ఉండడానికి కారణం గాలి కాకుండా తూర్పున బావి ఉండడమే కావచ్చు. ఆ అనుమానం విద్యార్థి నోటి నుంచే రావాలి, అందుకు కొన్ని వారాలు పట్టినా ఫరవాలేదు.

వారానికి ఒకసారి, అదే రోజు, ఇంచుమించు అదే వేళకు వెళితే చాలు. గూడు పూర్తవడానికి రెండు మూడు వారాలు పడుతుంది, గుడ్లు పొదిగి పిల్లలు ఎగిరిపోవడానికి మరో నెల పడుతుంది కనుక వారం వ్యవధిలో మరీ ఎక్కువ మార్పులు జారిపోవు. ప్రతి చెట్టును ఇద్దరు విడివిడిగా, ఒకరి లెక్క మరొకరికి చెప్పకుండా లెక్కపెట్టాలి. ఇద్దరి అంకెలు కలవవు. కలవనివ్వకండి. ఒకరు 31 అని, మరొకరు 27 అని రాస్తే రెండూ అలాగే ఉంచి, తేడా ఎందుకు వచ్చిందో మాట్లాడుకోమనండి. పాత ఏడాది గూళ్లను ఒకరు లెక్కలోకి తీసుకున్నారా, మట్ట వెనకాల ఉన్నవి ఒకరికి కనబడలేదా అన్నది అక్కడే తేలుతుంది. తమ కంటి మీద తమకు ఎంత నమ్మకం ఉండాలో పిల్లలకు అర్థమయ్యేది ఈ తేడాల వల్లే. నా దృష్టిలో మొత్తం ప్రాజెక్టులో అత్యంత విలువైన పాఠం ఇది, నివేదికలో దీనికి ఒక పేజీ కేటాయించండి.

ఇక నోటు పుస్తకం. ఫోన్‌లో రాసుకుంటామని విద్యార్థులు అంటారు. జీపీఎస్‌కు, దిక్సూచికి, ఫొటోలకు ఫోన్ వాడనివ్వండి, కానీ పరిశీలన మాత్రం కాగితం మీద, పెన్సిల్‌తో, చెట్టు కిందే రాయాలి. తేదీ, మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ, ఎవరెవరు ఉన్నారు, మబ్బు, గాలి, వాన, ఏ చెట్టు దగ్గర ఎంతసేపు నిలబడ్డారు అనేవి గూళ్ల సంఖ్య కంటే ముందు రాయాలి. తప్పు పడితే ఒక గీత కొట్టాలే తప్ప చెరపకూడదు. ఏమీ కనబడకపోతే సున్నా రాయాలి. వెళ్లకపోతే ‘వెళ్లలేదు’ అని రాయాలి. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా చాలా పరిశోధనలకు ఊపిరి. అమెరికాలోని బర్క్‌లీలో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రవేత్త జోసెఫ్ గ్రినెల్ తన బృందంతో 1914 నుంచి 1920 వరకు యోసెమిటీ ప్రాంతంలోని జంతువులను పరిశీలించినప్పుడు, ఏ చోట ఎన్ని రాత్రులు ఎన్ని బోనులు పెట్టారో కూడా పుస్తకాల్లో రాసి ఉంచారు. దాదాపు వందేళ్ల తర్వాత అదే విశ్వవిద్యాలయం వారు అవే చోట్లకు వెళ్లి చూసి, 28 చిన్న క్షీరద జాతుల్లో సగం జాతుల నివాస పరిధులు సగటున 500 మీటర్ల మేర కొండల్లో పైకి జరిగాయని 2008లో ప్రకటించగలిగారు. ఫలానా చోట ఫలానా జంతువు అప్పట్లో నిజంగా లేదా, లేక వెతకలేదా అనేది ఆ పాత పుస్తకాల్లో ఉండబట్టే ఆ పోలిక సాధ్యమైంది. పక్షుల పరిశీలనలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో జాబితా పంపేటప్పుడు ‘గుర్తుపట్టిన జాతులన్నీ నమోదు చేశారా?’ అని అడగడం వెనక ఉన్నదీ ఇదే ఆలోచన. అన్నీ నమోదు చేసిన జాబితాలోనే, లేని పిట్ట గురించి కూడా సమాచారం ఉంటుంది.

ఆ రోజు రాసిన పేజీల ఫొటోలు సాయంత్రానికల్లా బృందం వాట్సాప్‌లోకి రావాలని నియమం పెట్టండి. వారానికోసారి ఒక్కొక్కరి పుస్తకం తెరిచి పది నిమిషాలు మాట్లాడండి. మీరు పుస్తకం నిజంగా చదువుతారని తెలిసిన విద్యార్థి రాసే తీరే వేరుగా ఉంటుంది. చాలా మంది పర్యవేక్షకులు నెలల తరబడి పుస్తకం ముట్టుకోకుండా, చివర్లో పట్టిక చూసి సంతకం పెడతారు. దొంగ అంకెలకు అంతకంటే మంచి పొలం ఇంకొకటి లేదు.

ఆ అబ్బాయి సంగతికి వస్తాను. అతడిని బృందంలోంచి తీసేయవద్దు, అందరి ముందు నిలబెట్టి అడగవద్దు. ఒంటరిగా కూర్చోబెట్టి, నిరుటి అంకెలు మీకు నమ్మదగినవిగా అనిపించలేదని, అందుకే వాటిని ఎక్కడా వాడబోవడం లేదని సూటిగా చెప్పండి. ఎందుకలా చేశావని అడిగేటప్పుడు జవాబు వినడానికి సిద్ధంగా ఉండండి. బస్సు ఛార్జీలు లేకపోవచ్చు, పొలం పనులు ఉండవచ్చు, పిట్టలను గుర్తుపట్టలేకపోయి చెప్పడానికి మొహమాట పడి ఉండవచ్చు. ఒక్కో కారణానికి ఒక్కో పరిష్కారం ఉంటుంది. అతడి ఊరికి దగ్గరగా ఉన్న చెట్లు అతడికే ఇస్తే ఛార్జీల సమస్య తీరుతుంది, గిజిగాడి గూడు లెక్కపెట్టడానికి వంద జాతులు గుర్తుపట్టనక్కరలేదు. ఆ తర్వాత మాత్రం నియమం గట్టిగా ఉండాలి. వెళ్లని రోజును ‘వెళ్లలేదు’ అని రాసినందుకు ఎవరికీ ఒక్క మార్కు కూడా తగ్గదు. వెళ్లకుండా అంకె వేసినట్టు తేలితే ఆ విద్యార్థి పేరు నివేదికలో ఉండదు. ఈ మాట మొదటి రోజే ఆరుగురికీ కలిపి, ఎవరినీ ఉద్దేశించకుండా చెప్పండి. కల్పించిన అంకెలకు కొన్ని ఆనవాళ్లు ఉంటాయి: సున్నాలు ఉండవు, అయిదులూ పదులూ ఎక్కువగా ఉంటాయి, ప్రతి వారం చక్కగా పెరుగుతూ పోతాయి, వాన కురిసిన రోజు కూడా పుస్తకం మీద ఒక్క చుక్క తడి ఉండదు. ఈ ఆనవాళ్లను నేరం రుజువు చేయడానికి వాడకండి. ఆ వారం అతడితో పాటు మీరూ వెళ్లాలనడానికి సూచనగా తీసుకోండి.

గీత కార్మికుల ఇంటి నుంచి వచ్చిన విద్యార్థి విషయంలో మీ కళాశాల చేస్తున్న పొరపాటు చాలా కళాశాలలు చేసేదే. పుస్తకం తెలుగులోనే రాయమనండి. గూడు దశలకు, మట్టలకు, గాలులకు అతడి ఇంట్లో వాడే మాటలే రాయమనండి, బృందం మొత్తానికి అవే పదాలు పెట్టుకోండి. నివేదిక ఇంగ్లిష్‌లోనే ఉండాలంటే చివర్లో అందరూ కూర్చుని మార్చుకోవచ్చు. పరిశీలన జరిగే క్షణంలో భాష అడ్డు పడితే పోయేది పరిశీలనే. అతడికి తెలిసినది ఎంత అవసరమో ఒక ఉదాహరణ చెబుతాను. ఒక వారం ఒక చెట్టుకు ఉన్న గూళ్లు సగానికి సగం మాయమవుతాయి. మిగతా పిల్లలు గాలివాన అనో కాకులు అనో రాస్తారు. గీత కోసం చెట్టు ఎక్కినవారు మట్టలు కొట్టారన్న సంగతి నరికిన మట్ట చూడగానే అతడికి తెలుస్తుంది. ఆ ఒక్క సంగతి తెలియకపోతే మీ ప్రాజెక్టు ముగింపే తప్పవుతుంది. అతడి తండ్రినీ, ఆ ఊరి గీత కార్మికులనూ కలిసి, గూళ్లు ఎప్పుడు మొదలవుతాయి, ఏ చెట్లను పిట్ట ఏళ్ల తరబడి వదలదు, ఏ చెట్టు మీద ఎప్పుడూ కట్టదు అని అడగండి. వారు చెప్పినది వేరే పేజీల్లో, ఎవరు చెప్పారో రాసి ఉంచండి, మీ లెక్కలతో కలపకండి. వారు ఒప్పుకుంటే నివేదికలో పేర్లతో కృతజ్ఞత చెప్పండి. 1848లో శాస్త్రలోకానికి తెలిసి, 1900 తర్వాత జాడ లేకుండా పోయి, అంతరించిందని అందరూ అనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ స్థానికుల సాయంతో వెతికినప్పుడే. ఆ పిట్ట రాత్రి పూట పొదల మధ్య తిరుగుతుంది కనుక తర్వాతి కాలంలో మెత్తటి మట్టి పరచిన పట్టీల మీద అడుగు జాడలు చూసి దాని ఉనికిని తెలుసుకున్నారు. ఏ జీవికి ఏ పద్ధతి నప్పుతుందో దాని బతుకు తెలిసినవారే చెప్పగలరు, మీ బృందంలో అలాంటివాడు ఇప్పటికే ఉన్నాడు.

అమ్మాయిలకు టైపు చేసే పని ఇవ్వడం మాత్రం దయచేసి వద్దు. డిగ్రీ తర్వాత క్షేత్ర సహాయకుల ఉద్యోగానికో, వన్యప్రాణి శాస్త్రంలో పీజీకో దరఖాస్తు చేసేటప్పుడు అడిగేది క్షేత్రానుభవమే, టైపింగ్ కాదు. తల్లిదండ్రుల భయం మాత్రం అకారణం కాదు కాబట్టి దాన్ని తీసిపారేయకుండా సమాధానం చెప్పాలి. వారిని కళాశాలకు పిలవండి, లేదా మీరే ఇంటికి వెళ్లండి. మీరు అధ్యాపకురాలు కావడం ఇక్కడ పెద్ద బలం. ఏ రోజు, ఏ చెట్లు, ఏ దారిలో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారు, ఎవరి ఫోన్ నంబరు అనే వివరాలు రాసిన కాగితం ఇవ్వండి. ఎవరూ ఒంటరిగా వెళ్లరు, ఇద్దరమ్మాయిలూ ఒకే జట్టులో ఉంటారు, చీకటి పడేలోగా ఇంట్లో ఉంటారు అని చెప్పి, ఆ మాట తప్పకుండా నిలబెట్టుకోండి. దారిలో మరుగుదొడ్డి ఎక్కడుందో మీరు ముందే చూసి ఉండాలి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ నీళ్లు తాగడం మానేసి ఎండలో తిరిగే అమ్మాయిలు ఎందుకు కళ్లు తిరిగి పడిపోతారో చాలా మంది పర్యవేక్షకులకు తట్టదు.

వేధింపుల గురించి కూడా మొదటే మాట్లాడండి. 2014లో ‘ప్లాస్ వన్’ పత్రికలో వచ్చిన ఒక సర్వేలో, క్షేత్ర పరిశోధనలో పాల్గొన్న 666 మంది సమాధానమిచ్చారు. వారిలో 64 శాతం మంది లైంగిక వేధింపులు ఎదుర్కొన్నామని, 20 శాతానికి పైగా లైంగిక దాడికి గురయ్యామని చెప్పారు. స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారి సమాధానాలు కనుక ఆ శాతాలను ఉన్నవి ఉన్నట్టుగా ప్రతి చోటికీ అన్వయించలేం. కానీ బాధితుల్లో ఎక్కువ మంది విద్యార్థులు, కింది స్థాయి వారే అని, మహిళలను వేధించినవారు ఎక్కువగా తమ బృందంలోని పై స్థాయి వారే అని తేలడం గమనించదగ్గది. ప్రమాదం పొలాల్లోని అపరిచితుల నుంచి మాత్రమే వస్తుందనుకోకూడదు. కళాశాల అంతర్గత ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లు, నంబర్లు ప్రతి నోటు పుస్తకం మొదటి పేజీలో ఉండాలి. అబ్బాయిల పుస్తకాల్లోనూ ఉండాలి.

ప్రాణాపాయాల విషయంలో మీ ప్రాంతానికి ప్రత్యేకమైనవి కొన్ని ఉన్నాయి. గిజిగాడికి ఇష్టమైన చోటు వ్యవసాయ బావి మీదికి వంగిన మట్టలు. చాలా బావులకు పిట్టగోడ ఉండదు, వానాకాలంలో గట్టు జారుతుంది. పైకి చూస్తూ గూళ్లు లెక్కపెట్టేవాడు కిందికి చూడడు. అందుకే ఒకరు లెక్కపెడుతుంటే రెండోవారు నేల చూడాలి, బావి గట్టుకు కనీసం అయిదు అడుగుల దూరంలోనే ఆగాలి. ఉరుము వినబడగానే తాటిచెట్టు కింద నుంచి బయటపడి పక్కా కట్టడంలోకి వెళ్లాలి. ఒంటరిగా ఎత్తుగా నిలిచిన చెట్టు కింద పిడుగుపాటు ప్రమాదం ఎక్కువ. మోటారు పెట్టెలు, తెగిన తీగలు ముట్టుకోకూడదు. గట్ల మీద గడ్డిలో కట్లపాము, నాగుపాము, రక్తపింజరి, చిన్నపింజరి ఉంటాయి కనుక కాలికి బూట్లు, చేతిలో కర్ర ఉండాలి. పాము కరిస్తే గట్టిగా కట్టు కట్టడం, కోయడం, పీల్చడం చేయకుండా, కరిచిన అవయవాన్ని కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. ఆ మందు మీకు దగ్గరలో ఏ ఆసుపత్రిలో ఉంటుందో ప్రాజెక్టు మొదలయ్యే ముందే వెళ్లి కనుక్కోండి. ఎవరూ చెట్టు ఎక్కకూడదు. గీత కార్మికుడి కొడుకైనా సరే, మోకు ఉన్నా సరే, మీ ప్రాజెక్టు కోసం ఎక్కకూడదు.

పొలం యజమానిని నోటిమాటగానైనా అడగకుండా గట్టు దాటవద్దు. అడవి పక్షులకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది కనుక పిట్టను పట్టుకోవడం, గూడు కోయడం, గుడ్లు తీయడం కుదరదు. కింద పడిన గూడును కూడా అక్కడే కొలిచి, ఫొటో తీసి వదిలేయండి. మ్యూజియంలో పెడదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఎప్పుడైనా అభయారణ్యంలో పనిచేయాలనుకుంటే అటవీశాఖ లిఖితపూర్వక అనుమతికి నెలల ముందే దరఖాస్తు చేసుకోవాలి.

మీకు తెలియకపోవడం గురించి మొదట్లో ఒక్క మాటతో దాటేశాను. మొదటి మూడు నాలుగు వారాలు ప్రతిసారీ వారితో వెళ్లండి, అక్కడ గురువుగా కాకుండా ఏడో పరిశీలకురాలిగా మీ పుస్తకంలో మీరూ రాయండి, మీ లెక్కా వారి లెక్కా కలవని చోట మీదే సరైనదని అనుకోకండి. పేరు తెలియని పిట్ట కనిపిస్తే ‘నాకు తెలియదు, చూద్దాం’ అని పైకి అనండి. పిట్టలను గుర్తుపట్టడానికి మెర్లిన్ యాప్ ఉపయోగపడుతుంది, కానీ అది చెప్పిన పేరును అలాగే రాసుకోకుండా ముక్కు, తోక, అరుపు వివరాలతో సరిచూడమనండి, సరిపోకపోతే ‘గుర్తించలేదు’ అని రాయమనండి. అధ్యాపకురాలు తెలియదని అనగలిగిన బృందంలో విద్యార్థికి అంకె కల్పించవలసిన అవసరం సగం తగ్గిపోతుంది. ప్రయోగశాల నుంచి మీరు తెచ్చుకున్న విద్య కూడా తక్కువది కాదు. ఒకే నమూనాను రెండుసార్లు కొలవడం, కంట్రోల్ (పోల్చి చూసుకునే నమూనా) లేకుండా ముగింపు చెప్పకపోవడం మీకు ఇప్పటికే అలవాటు. వాటిని చెట్టు కిందికి తీసుకురావడమే మిగిలింది. అయిదో వారం నుంచి వారం విడిచి వారం మాత్రమే వెళ్లండి. ఎవరు ఏ చెట్టు చూడాలో, వాన పడితే ఏం చేయాలో వారే నిర్ణయించుకోనివ్వండి. వారు చేసే చిన్న తప్పులను అప్పటికప్పుడు సరిదిద్దాలని మీకు చేయి దురద పెడుతుంది. వారాంతపు సమావేశం దాకా ఆగి, ‘ఇది నీకెలా తెలుసు?’ అని అడిగితే చాలాసార్లు వారే పట్టుకుంటారు.

రచయితల పేర్ల క్రమం రాత ప్రారంభించే ముందే మాట్లాడుకోండి. పని చేసిన విద్యార్థుల పేర్లు ముందు, మీ పేరు చివర ఉండాలి. రేపు ఈ సమాచారంతో మీరు వ్యాసం ప్రచురిస్తే అందులోనూ వారి పేర్లు ఉండాలి. విద్యార్థుల అంకెలతో తన పేరు మీద మాత్రమే వ్యాసం వేసుకోవడం మన కళాశాలల్లో మామూలై పోయింది కానీ అది దొంగతనమే, దొంగ అంకెల కంటే తక్కువదేమీ కాదు.

తూర్పు, పడమరల మధ్య ఏ తేడా కనబడలేదని తేలితే నివేదిక అదే చెప్పాలి. మూల్యాంకనం చేసేవారు ‘ఫలితం రాలేదా?’ అని అడిగితే, ఎన్ని చెట్లు, ఎన్ని వారాలు చూశారో, ఎంత తేడా ఉండి ఉంటే తమకు కనబడేదో విద్యార్థులు చెప్పగలగాలి. వారికి ఆ జవాబు నవంబరు నుంచే సాధన చేయించండి. అక్టోబరు చివరికల్లా గూళ్ల సందడి చాలావరకు ముగుస్తుంది కనుక లెక్కలకూ, రాతకూ మీకు తగినంత సమయం ఉంటుంది. దరఖాస్తులో శీర్షిక ఇప్పుడే రాయాలని కార్యాలయం పట్టుబడితే ‘తాటిచెట్ల మీద గిజిగాడి గూళ్ల అమరిక: ఒక మండల స్థాయి పరిశీలన’ అని రాసి ఇవ్వండి, విద్యార్థులు వేరే ప్రశ్న ఎంచుకుంటే మార్చుకోవడానికి ప్రిన్సిపాల్ గారి దగ్గర ముందే అనుమతి తీసుకోండి. వానలు పడ్డాయి, గూళ్లు మొదలయ్యాయి కనుక ఈ ఆదివారమే మొదటి నడకకు బయలుదేరడం మంచిది.